బంపర్ మీద ఉక్కు నగరం

జంషెడ్‌పూర్‌లో కారు కొన్నవాడు ముందుగా తెలుసుకునేది దుమ్ములో రకాలుంటాయని. చైబాసా వైపు నుంచి వచ్చే దుమ్ము ఎర్రన. కారు వెనకభాగం మీద కుంకుమ చల్లినట్టు పరుచుకుంటుంది. ఊళ్లో పడేది నల్లన. రాత్రి నిలిపిన కారు అద్దం మీద తెల్లారేసరికి వేలితో పేరు రాయొచ్చు. వేసవిలో సువర్ణరేఖ ఇసుక మీదుగా వచ్చే గాలి తెచ్చేది ఇంకోటి, బూడిద రంగుది. రంగు వేసిన రేకు మీద ఏది పడినా బకెట్టు నీళ్లకు చాలావరకు పోతుంది. నల్ల ప్లాస్టిక్ మీద పడితే మాత్రం పోదు. బంపర్ కింది అంచు, చక్రాల చుట్టూ ఉండే పట్టీ, తలుపుల అడుగున బద్దలు, వైపర్ల కింద జాలీ. కంపెనీవాళ్లు రంగు వేయకుండా వదిలేసిన ఈ భాగాల్లో చేరిన మురికి అద్దెకు దిగి ఖాళీ చేయని వాడిలాంటిది.

జార్ఖండ్ నుంచి రాయడానికి గనులున్నాయి, అడవులున్నాయి, 2000లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచి సాగుతున్న కుర్చీలాట ఉంది. బంపర్ గురించి రాయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. సెకండ్ హ్యాండ్ కారు అమ్మబోయిన వారెవరూ అడగరు. రేకు మీది రంగును ఒక్క పూట పాలిష్ కొట్టి మెరిపించొచ్చు. ఆ సంగతి బ్రోకర్లకు బాగా తెలుసు. అందుకే సంతలో పశువు పళ్లు చూసినట్టు వాళ్లు నేరుగా నల్ల ప్లాస్టిక్ దగ్గర కూర్చుంటారు. అది తెల్లబారి, నారింజ చుక్కలతో కనిపిస్తే మీటరు ఎంత చూపించినా నమ్మరు.

కద్మాలో మా ఇంటి పక్క క్వార్టర్‌లో ఉండే బాబాయ్‌కి గత చలికాలంలో ఇదే జరిగింది. వరసకు బాబాయ్ అంతే, చుట్టరికం లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి వాళ్ల తాత పనికోసం ఇక్కడికొచ్చారు. జంషెడ్‌పూర్‌లో ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బిస్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకుని, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతూ మూడు నాలుగు తరాలు గడిపేశారు. బాబాయ్ ముప్పై అయిదేళ్లు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేసి రిటైరయ్యారు. కొడుకు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. క్వార్టర్ ఖాళీ చేసి అక్కడికి వెళ్లిపోవాలి. పదేళ్ల నాటి చిన్న కారును అంత దూరం తీసుకెళ్లి రిజిస్ట్రేషన్ మార్పించుకునే ఓపిక లేక అమ్మేద్దామనుకున్నారు. మాంగో నుంచి వచ్చిన బ్రోకరు ఇంజిను విన్నాడు, తలుపులు వేసి తీశాడు, చివరికి వెనక బంపర్ మీద వేలు రుద్ది అనుకున్న రేటులో పదిహేను వేలు కోసేశాడు.

‘‘ఏటి బాబూ ఇది, ముసలోడి గెడ్డంలా అయిపోనాదని పదిహేను వేలా?’’ అని బాబాయ్ సాయంత్రం నా దగ్గరకొచ్చారు. ఊరు మారేవాడికి పదిహేను వేలంటే సామాను లారీ కిరాయిలో పెద్ద ముక్క. కార్లు కడిగే షెడ్డు ఒకదానిలో అప్పటికే ఓ సలహా ఇచ్చారట. వాడేసిన ఇంజినాయిలు గుడ్డతో పూస్తే ‘బిల్‌కుల్ నయా’ అయిపోతుందని. దేశమంతా ఉన్న చిట్కా ఇది. కొందరు కొబ్బరినూనె, కొందరు బూట్ పాలిష్, కొందరు కిరసనాయిలు అంటారు. వీటన్నిటి పనీ ఒకటే. గరుకు ప్లాస్టిక్ మీద జిడ్డు పొర పడగానే వెలుతురు చెదరడం తగ్గి నల్లగా కనిపిస్తుంది. మూడో రోజుకల్లా ఆ జిడ్డు మీద ఊరి దుమ్మంతా చేరి పేస్టవుతుంది. కిరసనాయిలు ఎక్కువసేపు నిలిస్తే ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది కూడా. వాడేసిన ఇంజినాయిలులో క్యాన్సర్ కారకాలుంటాయి. దాన్ని ఉత్త చేతులతో పూసే కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. బ్రోకరు మాత్రం ఇవన్నీ చూసినవాడే. వేలు వాసన చూస్తే చాలు, అతనికి కథ తెలిసిపోతుంది.

అసలు ఈ ప్లాస్టిక్ ఎందుకింత మొండిదో కొంచెం చెప్పాలి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో బంపర్ అంటే ఉక్కు, దాని మీద క్రోమ్ పూత. దాన్ని గుడ్డతో తుడిస్తే ముఖం కనిపించేది. 1983 చివర్లో మారుతీ 800 రోడ్డెక్కింది. ఆ తరం కార్లతో నల్ల ప్లాస్టిక్ మన మధ్యతరగతి ఇంటి ముందుకొచ్చింది. ఇప్పుడు వాడేది ఎక్కువగా పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో గియులియో నట్టా దీన్ని ఇప్పటి రూపంలో తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. తేలిక, చవక, చిన్న దెబ్బకు సొట్టపడదు. అందులో నల్లటి కార్బన్ పొడి, ఎండను తట్టుకునే మందులు కలుపుతారు. గీతలు కనిపించకుండా, ఎండకు తళుక్కుమనకుండా పైన కావాలనే తోలులాంటి గరుకు వేస్తారు. ఆ గరుకులోని గుంటలే మురికికి ఇళ్లు. గుడ్డతో తుడిస్తే మిట్టల మీద దుమ్ము పోతుంది, గుంటల్లోకి మరింత దిగుతుంది.

మిగతా ఊళ్లలో సమస్య ఇంతవరకే. ఉక్కు నగరంలో ఇంకో మెట్టుంది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల కొలిములు, ఫౌండ్రీలు, వెల్డింగు షెడ్లు పెరుగుతూనే ఉన్నాయి. గ్రైండింగు రవ్వలు, రైలు పట్టాల మీద చక్రాల రాపిడి, లారీల బ్రేకుల అరుగుదల, వీటన్నిటి నుంచీ సన్నటి ఇనుప రజను గాలిలోకి వస్తుంది. జంషెడ్‌పూర్ మేయరు లేని నగరం. నీళ్లు, చెత్త, వీధి దీపాలు చాలావరకు కంపెనీ చేతిలో ఉంటాయి. ఇది ప్రజాస్వామ్యమా, సౌకర్యమా అని రాజనీతి శాస్త్రం క్లాసులో గంటలు వాదించుకోవచ్చు. రోడ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయని విరోధులు కూడా ఒప్పుకుంటారు. పైనుంచి పడేదానికి మాత్రం చీపురు లేదు. ఇనుప రజను మంచు తడిలో తుప్పు పట్టి, ఉబ్బి, గుంటలో బిగుసుకుంటుంది. తుప్పు సబ్బుకు కరగదు. నారింజ చుక్కలు అవే.

ఆ ఆదివారం బాబాయ్ పాత స్పీకరు నుంచి పీకిన అయస్కాంతం తెచ్చారు. దానికి పాలిథిన్ కవరు తొడిగి, వైపర్ల కింద జాలీలో పేరుకున్న పొడి దుమ్ము మీద నెమ్మదిగా తిప్పారు. కవరు మీద నల్లటి వెంట్రుకలు నిలబడ్డాయి, చిన్న గొంగళిపురుగులా. తర్వాత నా కారు దగ్గరకొచ్చారు. ముందురోజే నోవాముండి నుంచి తిరిగొచ్చాను. చక్రాల పట్టీలు ఎర్రగా ఉన్నాయి. అక్కడ తిప్పితే కవరుకు దాదాపు ఏమీ అంటలేదు. ఎర్ర దుమ్ములోనూ ఇనుమే ఉంది, అదీ ఎక్కువ. కాని అది హెమటైట్, ఖనిజపు రాయి పొడి. అయస్కాంతానికి అంతగా లొంగదు. ‘‘గనిలో ఉన్నన్నాళ్లూ అది రాయే బాబూ. కొలిమి దాటినాకే ఇనుం’’ అన్నారాయన, ముప్పై అయిదేళ్ల సర్వీసును ఒక్క ముక్కలో చెప్పినట్టు.

కవరు మీది వెంట్రుకల్ని కాగితం మీద దులిపి చూసుకున్నారు. ‘‘రెండు నెల్ల దుమ్ముకే ఇంతుంటే, నేను పీల్చింది ఎంతుంటాదో’’ అని నవ్వారు. ‘‘సాల్లెండి, ఆ అయస్కాంతం గుండెల మీద పెట్టుకోకండి’’ అంది లోపల్నుంచి పిన్ని. కారు మీద కంటికి కనిపించే ముతక రజను మనల్ని అంతగా బాధించదు. చాలామట్టుకు ముక్కు, గొంతు దాటదు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్నది. అది కంటికి కనబడదు, బంపర్ మీద వేలు రుద్దినా తెలియదు. నవ్వు ఆగాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

మొండి మురికి అని ఒకే పేరు పెడతాం కాని, ఆ కారు మీద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. ఏది ఏదో తెలియకుండా రుద్దడం వల్లే ప్లాస్టిక్ సగం పాడవుతుందని నా అభిప్రాయం. తెలుసుకోవడానికి ఒక మగ్గు నీళ్లు చాలు. తడపగానే తెల్లదనం మాయమై, ఆరాక తిరిగొస్తే అది మురికే కాదు. ఎండ దెబ్బ. అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పై పొర విరిగి, కంటికి కనిపించనంత సన్నగా పగుళ్లిచ్చిందన్నమాట. ఎంత తోమినా అది పోదు. తడిపినా తెల్లగానే ఉండి, నీళ్లు పూసల్లా జారిపోతుంటే అది రేకుకు వేసిన వ్యాక్స్ పక్కకు జారి గరుకులో ఎండినది. చేతికి గరుకుగా తగిలే నారింజ చుక్క ఇనుము. బంక నలుపు తారు. బాబాయ్ కారుకు వీటితో పాటు హోలీ గులాబీ మచ్చ ఒకటి అదనం. మార్చిలో ఈ ఊళ్లో బయట నిలిపిన ఏ కారూ ఆ పండగ చేసుకోకుండా ఉండదు.

నాలుగు దాటి ఎండ వాలాక, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టాం. వేడి మీద ఏ ద్రావణమైనా కడిగేలోపే ఆరిపోతుంది, ఆరితే కొత్త మచ్చ. ముందు ఉత్త నీళ్లు, పైనుంచి కిందికి. రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి బ్రష్ జాడించడానికి. ఒకే బకెట్టయితే తీసిన ఇసుకనే తిరిగి రుద్దుతాం. కారు షాంపూ నురగలో మెత్తటి బ్రష్ ముంచి గుండ్రంగా, బరువు వేయకుండా తిప్పాలి. మూలలకు పాత టూత్ బ్రష్. ఇనుప పీచు, పచ్చ స్క్రబ్బర్ దగ్గరకు రానివ్వకూడదు. అవి గరుకునే అరగదీస్తాయి, ఆ చోటు తర్వాత నున్నగా మెరుస్తూ జీవితాంతం కనిపిస్తుంది. తెల్లగా అమ్మే మెలమైన్ స్పాంజి కూడా సన్నటి ఉప్పుకాగితం లాంటిదే. మొదటి విడత నురగ కాఫీ డికాక్షన్‌లా కారింది. రెండోది టీ రంగు. మూడోసారి తెల్లబడింది. మూడు విడతల ఓపిక ఉన్నవాళ్లకు సగం కారు అక్కడే కొత్తదవుతుంది. మిగతా రసాయనాల అవసరం చాలామందికి రాదు.

పిన్ని కుంకుడు రసం ఇచ్చింది. జిడ్డు మీద నిజంగానే పనిచేసింది, నురగ తక్కువైనా. రాగి చెంబు తోమినట్టు చింతపండుతో ఒక మూల చూద్దామంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం తుప్పును కొంత కరిగిస్తుంది. అరగంట ఉంచితే నారింజ చుక్కలు పాలిపోయాయి కాని పూర్తిగా పోలేదు. చీమలు మాత్రం వచ్చాయి.

ఇనుము కోసం కార్ల సామాను దుకాణంలో దొరికే ప్రత్యేక మందు అరలీటరు తెచ్చాను. అందులో ఉండేది థయోగ్లైకోలిక్ ఆమ్లపు లవణం. అదే కుటుంబపు రసాయనాలు బ్యూటీ పార్లర్లలో జుట్టు వంకీలు తిప్పడానికీ, వెంట్రుకలు తీసే క్రీముల్లోనూ వాడతారు. వాసన కుళ్లిన గుడ్డుకు దగ్గర బంధువు. చేతికి గ్లవ్స్, గాలి తగిలే చోటు తప్పనిసరి. చల్లిన రెండు నిమిషాలకు బంపర్ మీద ఊదా రంగు ధారలు మొదలయ్యాయి. ఇనుము ఎక్కడుంటే అక్కడ ఈ మందు ఊదాకు తిరుగుతుంది. పదేళ్ల ఉక్కు నగరం వంకాయ రంగులో కారి పోతుంటే బాబాయ్ కుర్చీ వేసుకుని చూశారు. నాలుగైదు నిమిషాలు దాటనివ్వకుండా, ఆరకముందే బాగా నీళ్లు కొట్టి కడిగాం. రెండోసారి చల్లితే రంగు లేతగా వచ్చింది. రేకు మీద ఇలాంటి రజను తీయడానికి వాడే బంకమట్టి ముద్ద ఈ గరుకు ప్లాస్టిక్‌కు పనికిరాదు. ముక్కలు గుంటల్లో ఇరుక్కుంటాయి.

వ్యాక్స్ మరకలకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గుడ్డకు అద్ది. హోలీ గులాబీ కూడా దానికే చాలావరకు లొంగింది. అమెరికాలో ఈ పనికి వేరుశెనగ వెన్న పూస్తారు. అందులోని నూనె వ్యాక్స్‌ను కరిగిస్తుంది, పలుకులు మెల్లగా రుద్దుతాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంట్లో వేరుశెనగ వెన్నను బంపర్‌కు పూస్తామంటే ఊరుకోరు కనుక ఆ ప్రయోగం చేయలేదు. తారు చుక్కలకు మాత్రం కిరసనాయిలే, గుడ్డ కొసకు రెండు చుక్కలు, పది సెకన్లు, వెంటనే సబ్బు.

మేం ఇదంతా చేస్తుంటే మా వీధిలో కార్లు కడిగే కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. ఇరవై దాటి ఉంటాయి. తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిది లోపు ముప్పై కార్లు తుడుస్తాడు, నెలకింతని. అతని వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచి ఉంది. ఇంతకుముందు ఓ షెడ్డులో పనిచేసినప్పుడు మొండి మరకలకు మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వాడించేవారట. ‘‘దాగ్ తో చలా జాతా హై’’ అన్నాడు. మచ్చ పోతుంది, నిజమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పును నిమిషంలో తినేస్తుంది. ప్లాస్టిక్‌కు పెద్దగా ఏమీ కాదు. కాని కారిన ఆమ్లం బంపర్ వెనక క్లిప్పుల్ని, స్క్రూల్ని, బ్రేకు డిస్కుల్ని తింటుంది. పక్కనున్న రంగును మసకబారుస్తుంది. ఆ బకెట్లోనే ఎవరైనా బ్లీచింగ్ పౌడరు కలిపితే వచ్చేది క్లోరిన్ వాయువు. కారుకు జరిగే నష్టం ఏడాదికి బయటపడుతుంది, కుర్రాడి చేతికి మాత్రం వారానికే. బాబాయ్ తన రబ్బరు గ్లవ్స్ జత అతనికిచ్చేశారు. రెండు రోజులు వేసుకున్నాడు. మూడో రోజు గుడ్డ పట్టు జారుతోందని తీసేశాడు. ముప్పై కార్ల లెక్కలో గ్లవ్స్‌కు టైము లేదు. శుభ్రమైన కారు నెల జీతానికి కావాలి, అరగంట ఎక్కువ ఇవ్వడానికి యజమాని ఒప్పుకోడు. అలాంటప్పుడు యాసిడ్ సీసా కాక ఇంకేం దొరుకుతుంది?

మురికి వదిలాక మిగిలింది ఎండ దెబ్బ. ఎడమవైపు వెనక మూల. పదేళ్లూ పడమటెండకు అటు తిప్పి నిలిపిన కారు. దాన్ని హీట్ గన్‌తో కాలిస్తే నలుపు తిరిగొస్తుందని చెప్పేవాళ్లున్నారు. నిజమే, పై పొర కరిగి పగుళ్లు మూసుకుంటాయి. పాలీప్రొపిలీన్ నూట అరవై డిగ్రీలు దాటగానే కరుగుతుంది. చేయి ఒక్క క్షణం ఆగితే బంపర్ వంకర. పైగా లోపలి మందులు అయిపోయిన ప్లాస్టిక్ కొన్నాళ్లకే మళ్లీ తెల్లబడుతుంది. మేం నీళ్లలో కలిసే సిలికాన్ డ్రెస్సింగ్ స్పాంజితో పల్చగా పూసి, పావుగంట తర్వాత పొడి గుడ్డతో తుడిచేశాం. తుడవడమే కీలకం. మిగిలిన తడే దుమ్మును పిలుస్తుంది. అది కొన్ని వారాలు ఉంటుంది. నెలల తరబడి నిలిచే పూతలూ ఉన్నాయి. అమ్మేసే కారుకు ఆ ఖర్చు బాబాయ్‌కి దండగనిపించింది.

బ్రోకరు గురువారం వచ్చాడు. వెనక బంపర్ దగ్గర కూర్చుని వేలితో గట్టిగా రుద్ది, వేలు వాసన చూశాడు. ఏమీ అంటలేదు. ‘‘బంపర్ బదల్వాయా క్యా?’’ అని అడిగాడు. బాబాయ్ అయస్కాంతం కథ మొదలుపెట్టబోతే పిన్ని కళ్లతోనే ఆపింది. కోసిన పదిహేనులో పదివేలు తిరిగి కలిపాడు. ఎడమ మూల చూపించి అయిదు వేలు ఉంచేసుకున్నాడు. ఆ మూల నిజంగానే పాతబడింది కనుక బాబాయ్ బేరం చేయలేదు. మందు, ఆల్కహాల్, షాంపూ, డ్రెస్సింగు అన్నీ కలిపి పదిహేను వందలు దాటలేదు. రెండు సాయంత్రాలు పట్టింది.

విశాఖ వెళ్లేముందు బ్రష్, మిగిలిన మందు నాకిచ్చి వెళ్లారు. సీసాలో ఇంకా మూడో వంతుంది. వచ్చే వారం కిరీబురు వెళ్లాలి. తిరిగొచ్చాక చక్రాల పట్టీలకు చేరే ఎర్ర రాతిపొడికి ఆ మందు అక్కర్లేదు. రెండు బకెట్లు, షాంపూ, ఆ బ్రష్ సరిపోతాయి.